దూడ మెడలో పలుగురాయి

మా అక్క గేదెదూడ మెడలో కొంతకాలం ఒక వైర్‌లెస్ సెట్టు గుండెకాయ వేలాడింది. నల్లతాడుకు కట్టిన చిన్న రేకు డబ్బీ, ఎండ పడితే తళుక్కుమనేది. చూసినవాళ్ళు ఏ దర్గాలోనో కట్టించిన తాయెత్తనుకునేవాళ్ళు. నేనూ కాదనేవాణ్ణి కాదు. కాదంటే నమ్మరు. నమ్మితే ఊళ్ళో దూడలన్నిటికీ తలా ఒకటి తెచ్చిపెట్టమంటారు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. మాచవరానికి సైకిలు దూరంలో ఒక మేజరు కాలువ మీద నేను లస్కరుగా ఉండేవాణ్ణి. మేజరంటే పెద్దకాలువ నుంచి చీలి, పొలాల పిల్లకాలువలకు నీళ్ళిచ్చే నడిమికాలువ. లస్కరంటే షట్టరు తిప్పేవాడు, గేజీ రాయి మీద నీటిమట్టం చూసేవాడు, రైతుల చేత తిట్లు తినేవాడు. మొదటి రెండు పనులూ నీళ్ళుంటేనే ఉంటాయి. మూడోది మాత్రం సంవత్సరం పొడుగునా ఖాయం. ఎనిమిదో తరగతి గడప తొక్కి వెనక్కి తిరిగొచ్చినవాడికి ఇంతకన్నా పర్మినెంటు పని ఎవరిస్తారు?

మాది పెద్దకాలువ మీద చిట్టచివరి మేజరు. షట్టరు పక్కన నాపరాళ్ళతో కట్టిన గది, దాని నెత్తిన ఇనుప స్తంభం, గదిలో వైర్‌లెస్ సెట్టు, దాని కింద కారు బ్యాటరీ. ఆ బ్యాటరీని సైకిలు వెనక కట్టుకుని మాచవరం తీసుకుపోయి చార్జింగు పెట్టించుకొచ్చే గౌరవం కూడా నాదే. సెట్టు ముందు కూర్చుని మాట్లాడే ఆపరేటరు నరసరావుపేట సాయిబు. వాళ్ళ నాయన గడియారాలూ రేడియోలూ బాగుచేసేవాడట. ఈయన వైర్‌లెస్ కోర్సు చదివి సర్కారు ఉద్యోగంలో చేరాడు. మెత్తని మనిషి. మొదటిరోజు నేను ‘సార్’ అంటే సిగ్గుపడి, “సార్ ఏందిరా, మామా అను చాలు” అన్నాడు. ఆనాటి నుంచీ మామానే.

రోజూ పొద్దున ఎనిమిదింటికి పెద్దాఫీసు కంట్రోలు నుంచి పిలుపు వచ్చేది. స్టేషన్లు పదకొండు. నీళ్ళు ఏ వరసలో పారతాయో పిలుపూ అదే వరసలో. ఒకటో నంబరు తలకాలువ వాళ్ళది. పదకొండు మాది. ఒకటో నంబరు వాణ్ణి పిలిచేటప్పుడు కంట్రోలు గొంతు అప్పుడే కాఫీ తాగినట్టు ఉండేది. మా దాకా వచ్చేసరికి టిఫిను చల్లారిపోతోందన్న విసుగు వినిపించేది. నీళ్ళూ అంతే. పైవాళ్ళకు మోకాలిలోతు, మాకు పాదం తడిస్తే పండగ.

కాలువకు నీళ్ళు వదిలే వంతు వచ్చినప్పుడు ప్రతి స్టేషనూ మాకిన్ని నీళ్ళు కావాలని సెట్టులో అడగాలి. దాన్ని ఇండెంటు అనేవాళ్ళు. పిలిచినప్పుడు పలకకపోతే అక్కర్లేదని లెక్క. నిల్ అని రాసుకుంటారు. పొద్దున చెప్పినదాంట్లో తప్పుంటే అదే రోజు మూడింటి పిలుపులో సవరణ చెప్పుకోవచ్చు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మారదు. పలకకపోవడమూ వద్దనడమూ ఒకటేనన్న ఈ రూలు ఎవరు రాశారోగానీ, వాడి ఇంట్లో కుళాయి ఎప్పుడూ ఆగి ఉండదు.

పాత సెట్లలో రాళ్ళుండేవి. క్రిస్టల్ అని మామా అనేవాడు. రేకు డబ్బీలో పలుగురాయి పలుచటి పలుకు ఒకటి పెట్టి మూతేస్తారట. మాట పంపడానికి ఒక రాయి, వినడానికి ఒక రాయి. డబ్బీ మీద చెక్కిన అంకెను బట్టి సెట్టు ఏ రేడియో అలమీద మాట్లాడాలో ఖాయమవుతుంది. “పలుగురాయేనా మామా? మా పొలాల్లో బండ్లకొద్దీ ఉంది. ఒక్కటీ ఇంతవరకూ నోరు మెదపలేదే” అన్నాను. నవ్వి, లెక్కలో లేకుండా మిగిలిపోయిన పంపే రాయి ఒకటి నా చేతిలో పెట్టాడు. అది తీసుకుపోయి మా అక్కకు చూపించి, ఇది మన మాటను కొండలు దాటించి పెద్దాఫీసులో పడేస్తుందని చెప్పాను. అంత దూరం మాట మోసే రాయి దిష్టిని ఆపలేదా అని ఆవిడ తిరగేసి అడిగింది. ఆ సాయంత్రానికి దూడ మెడలో ఉంది.

తర్వాత కొత్త సెట్లొచ్చాయి. వీటికి రాళ్ళు లేవు. మీటలు నొక్కి అంకెలు నేర్పిస్తే గుర్తుపెట్టుకుంటాయి. నంబర్లెక్కించడం అనేవాళ్ళం. ఏ అలమీద మాట్లాడాలో ఒక నంబరు, మన స్టేషను నంబరు ఒకటి. ఇవి ఎవరుపడితే వాళ్ళు మార్చకుండా తాళం నంబరు ఇంకొకటి. పాత సెట్టులో అందరి గోలా వినబడేది. కొత్తదాంట్లో మన నంబరుకు పిలుపొస్తేనే కూస్తుంది, లేకపోతే పడుకుంటుంది. పక్కవాళ్ళ మాటలు వినాలంటే వేరే మీట నొక్కిపట్టాలి. అలమీద మాట్లాడే నంబరు ఆఫీసులోనే ఎక్కించి పంపారు. అదేమిటో మాకు చెప్పలేదు, రహస్యమన్నారు. తాళం మాత్రం శిక్షణలో ఆపరేటర్లకు చెప్పారట.

ఆ ఏడు మిరప పిందె మీద ఉండగా ఆఖరి వంతు వచ్చింది. ఆ ఒక్క తడి పడితే కాయ నిండుతుంది. పడకపోతే తెల్లబడి తాలుకాయ అవుతుంది. అంతకుముందు వంతులో నీళ్ళు మా షట్టరు ముఖం చూసి వెనక్కి మళ్ళాయి. మా అక్కది కౌలు చేను. బావ రాళ్ళ లారీ మీద తిరుగుతూ అమావాస్యకో పున్నానికో కనిపించే మనిషి. చేను మొత్తం అక్క రెండు చేతుల మీదే లేచింది.

ఇండెంటు చెప్పాల్సిన రోజు తెల్లవారుతూనే ఊరి రైతుపెద్ద ఒకాయన మా గదికి వచ్చాడు. ఊరంతా ఆయన్ని పెదనాయనా అనే పిలుస్తారు. చేతిలో కొబ్బరికాయ, రుమాల్లో కుంకుమ పొట్లం. మర్యాదగా మామా ఎదురుగా కూర్చుని, “ఏమయ్యా ఆపరేటరూ, ఈ డబ్బాకు మన నంబరు ఎవరు పెట్టారు?” అన్నాడు.

“ఆఫీసోళ్ళు.”

“మార్చేది యాడ?”

“ఇక్కడే మార్చొచ్చనుకో. ఎందుకు?”

“ఒకటి పెట్టు.”

మామా అర్థంకాక నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను.

“ఎన్నాళ్ళయ్యా మనం చివరోళ్ళం?” అన్నాడు పెదనాయన. “ఆ ఒకటో నంబరోడు ఏమన్నా వజ్రాలు పండిస్తన్నాడా? మనమూ ఒకటే అంటే ముందు మననే పిలుస్తారు గదా. ఉన్న నీళ్ళన్నీ కాగితం మీద తెల్లగా ఉన్నప్పుడే మన మాట పడుద్ది. పదిమంది ఎంగిలి చేసినాక మనకేం మిగులుద్ది?”

“అట్టా చేయకూడదు పెదనాయనా. ఉద్యోగం పోద్ది.”

“చేను పోతే పోయేది నీది కాదుగా.”

మామా తల దించుకున్నాడు. ఆ చేలమీది గోంగూర, వంకాయ రెండేళ్ళుగా ఆయన పొయ్యి మీద ఉడుకుతున్నాయి. మా అక్క పంపే మజ్జిగ చెంబు ఆ క్షణాన కూడా కిటికీలో ఉంది.

“ఈ ఒక్క పూటే,” అన్నాడు చివరికి. “ఇండెంటు చెప్పంగానే మళ్ళీ పదకొండు పెట్టేస్తా.”

పెదనాయన సెట్టు నెత్తిన కుంకుమ బొట్టు పెట్టాడు. మామా మూత తీసి, లోపలి మీట తిప్పి, తాళం నంబరు నొక్కి, పదకొండు చెరిపి ఒకటి ఎక్కించాడు. సెట్టు ముఖాన అంకెల గడి మిణుకుమిణుకుమంటూ మళ్ళీ ఏదో అడిగింది. సరిగ్గా అప్పుడే పెదనాయన గడప మీద టెంకాయ కొట్టాడు. ముక్కలు బ్యాటరీ మీద పడ్డాయి, నీళ్ళు తీగల మీద పడ్డాయి. “ఏంది పెదనాయనా ఇది, కరెంటు సామాను!” అని మామా ఒక చేత్తో తుడుస్తూ రెండో చేత్తో ఒకట్లు నొక్కుకుంటూ పోయాడు, అది నంబరు ఖాయం చేయమంటోందనుకుని. అది అడిగింది కొత్త తాళం నంబరని మాకు తర్వాతగానీ తెలియలేదు. ఎన్ని ఒకట్లు నొక్కాడో ఆయనకూ తెలియదు.

ఎనిమిదింటికి సెట్టు కూసింది. పదిమంది అయ్యాకగానీ కూయని సెట్టు ఎనిమిది కొట్టగానే కూయడం మాకదే మొదలు. పెదనాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు, కలెక్టరు వచ్చినట్టు.

“స్టేషన్ ఒకటి, గేజీ చెప్పు, ఇండెంటు చెప్పు. ఓవర్.”

గొంతు కొత్తది. కంట్రోల్లో మనిషి మారి అప్పటికి వారం కూడా కాలేదు. ఏ గొంతు ఎవరిదో ఇంకా ఎరగడు. మామా మెడ కండువాతో చెమట తుడుచుకుని, గేజీ చెప్పి, ఇండెంటు పెదనాయన వేళ్ళు చూపించినంత చెప్పాడు. పెదనాయన వేళ్ళు ధారాళమైనవి.

“రైట్. రాసుకున్నా. ఓవర్.”

అంతే. అంత తేలిక. పెదనాయన నా వీపు మీద ఒక్కటి చరిచి, “సూశావంట్రా! నోరుంటే సరిపోదు, ముందు ఉండాల!” అని బెల్లం ముక్క నా నోట్లో కుక్కి, ఊళ్ళోకి పరుగెత్తాడు, నీళ్ళొస్తున్నాయని చాటడానికి.

నేను బెల్లం చప్పరిస్తూ, “మామా, పదకొండో నంబరోడు ఎవడో పాపం. వాడి గతేందో విందాం పట్టు” అన్నాను.

మామా కూడా నవ్వుతూనే వినే మీట నొక్కాడు. తొమ్మిది అయింది. పది అయింది. తర్వాత కంట్రోలు, “పదకొండు... పదకొండు... స్టేషన్ పదకొండు...” అని, కాసేపాగి, “పలకటం లేదు. నిల్” అంది.

బెల్లం నోట్లో ఎక్కడిదక్కడ ఆగింది.

కంట్రోలువాడు మా ముఖాలు చూసి నీళ్ళు రాయడు, నంబరు చూసి రాస్తాడు. ఇంకొకడి పేరు పెట్టుకుని అడిగితే వచ్చేది ఆ పేరుగల వాడింటికే పోతుందన్న సంగతి, ముగ్గురు పెద్దమనుషులం ఒక గదిలో కూర్చుని, ఒక కొబ్బరికాయ కొట్టి కూడా, మాకు తట్టలేదు. మేమడిగిన నీళ్ళు తలకాలువ ఖాతాలో చేరాయి. మా ఖాతాలో సున్నా పడింది.

“మూడింటికి సవరణ చెప్పొచ్చు,” అన్నాడు మామా. “పదకొండు మళ్ళీ ఎక్కించి, పొద్దున సెట్టు చెడిపోయింది సార్, మా ఇండెంటు రాసుకోండి అంటా. అంతే. ఏం కాదు.”

తాళం నంబరు నొక్కాడు. సెట్టు ఒప్పుకోలేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కేసరికి అంకెల గడిలో గీతలు మాత్రం మిగిలాయి, నాలుగు అడ్డగీతలు. వినే మీట నొక్కితే వినబడదు. మాట్లాడే మీట నొక్కితే ఎర్రదీపం వెలగదు. కుంకుమ బొట్టుతో సహా శవంలా కూర్చుంది.

“సచ్చిందా మామా?”

“లేదు. మూసుకుంది. తాళం మార్చేశానురా నేనే.” తలపట్టుకున్నాడు. “లోపల మాత్రబిళ్ళంత సెల్లు ఉంటది. అది పీకితే మొత్తం మరిచిపోద్ది. తాళం పోద్ది. కానీ దాంతోపాటు ఏ అలమీద మాట్లాడాలో అదీ పోద్ది. ఆ నంబరు ఆఫీసులోనేగా ఉండేది.”

“పోయి అడుగుదాం.”

“ఏమని? తలకాలువోడి నంబరు దొంగిలించి నా సెట్టుకు పెట్టుకున్నా సార్, అనా?”

అదీ నిజమే. పైగా బస్సెక్కి ఆఫీసుకు పోయి, సంతకాలు అయి, మెకానిక్ కదిలి వచ్చేసరికి మిరప చేలో మేకలు మేస్తుంటాయి. ఇద్దరం ఆ గీతల వంక చూస్తూ కూర్చున్నాం. ఉన్నట్టుండి మామా తలెత్తాడు.

“ఆ రాయి నీకిచ్చాగా? పాత సెట్టుది, పంపే రాయి. దానిమీద అంకె ఉంటది. దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే మన అల నంబరు వచ్చేస్తది. సెట్టు మారిందిగానీ అల మారలేదు. యాడుంది రాయి?”

“డ్యూటీలో ఉంది మామా.”

“యాడ?”

“మా అక్క దూడ మెడలో.”

వేరే రోజయితే ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ రోజు చెప్పులేసుకున్నాడు.

మేం చేనికి పోయేసరికి మా అక్క నడుం వంచి పిల్లకాలువలో పూడిక తీస్తోంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పారతో మట్టి గట్టుకేస్తోంది. పెదనాయన చాటింపు అప్పటికే అందింది. మిరపచెట్లు ఆకులు వేలేసి నిలబడ్డాయి. ఆవిడ ముఖం మాత్రం పచ్చగా ఉంది.

“ఎప్పుడొస్తాయిరా నీళ్ళు?” అంది.

“ముందు దూడను పట్టవే.”

“దూడెందుకురా సచ్చినోడా?”

చెప్పాను. నేను ఏ సంగతి చెప్పినా సగం నవ్వులాటలో చెబుతానని ఆవిడకు తెలుసు. అందుకే మొదట నవ్వింది. తర్వాత మామా ముఖం చూసింది. పార కిందపెట్టింది.

“అంటే, మన నీళ్ళు వాళ్ళకి మనమే అడిగి పెట్టామా?”

నేను దూడ కోసం గట్టువైపు నడిచాను.

దూడకు మా అవసరం అర్థమైనట్టుంది. గట్టు మీది నుంచి ఒక్క దూకు దూకి మిరప సాళ్ళలో పడింది. నేను ఒకవైపు, మామా ఒకవైపు. కోర్సు చదివిన ఆపరేటరు గవర్నమెంటు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, “ఏయ్, ఆగు, ఆగమ్మా!” అని దూడను బతిమాలుతూ పరుగెత్తాడు. చెట్లు విరుగుతున్నాయని అక్క మమ్మల్ని తిట్టింది, దూడను తిట్టింది, పెదనాయన్ని తిట్టింది. చివరికి తనే జొన్నచొప్ప చూపించి పట్టుకుంది. తాడు పళ్ళతో కొరికి తెంపి రాయి నా చేతిలో పెట్టింది.

డబ్బీ నిండా పసుపు, నూనె, దూడ మెడ మురికి. బూడిదేసి చింతపండుతో తోమితే అంకె బయటపడింది. కానీ ఒకచోట అరిగిపోయి మూడో ఎనిమిదో తెలియలేదు. అక్క మూడంది. నేను ఎనిమిదన్నాను. మామా ఎండలో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి, “రెండూ చేద్దాం” అన్నాడు.

గదికి తిరిగొచ్చి బొగ్గుతో నాపరాయి గోడ మీద హెచ్చవేతలు మొదలుపెట్టాడు. ఎనిమిదో తరగతి గడప తొక్కినా పన్నెండో ఎక్కం నాకు పట్టుబడలేదు కాబట్టి పక్కన నిలబడి విసనకర్ర విసిరాను. ఆయనకు రెండుసార్లు తప్పొచ్చింది, కండువాతో తుడిచి మళ్ళీ వేశాడు. తర్వాత సెట్టు మూత తీసి, సెల్లు పీకి, పసిబిడ్డ పాలపన్ను తీసినట్టు నా అరచేతిలో పెట్టాడు. కాసేపాగి మళ్ళీ పెట్టాడు. గీతలు పోయాయి, సున్నాలు వచ్చాయి. సెట్టు అన్నీ మరిచిపోయింది. నాకు దాన్ని చూస్తే అసూయ వేసింది.

ఎనిమిది అనుకుని వేసిన లెక్క ఎక్కిస్తే సెట్టు కీచుమని ఉమ్మేసింది. మూడు అనుకున్న లెక్క ఎక్కిస్తే గుటుక్కున మింగింది. స్టేషను నంబరు పదకొండు. తాళం నంబరు ఈసారి నోటితో పైకి చదువుతూ, ఒక్కొక్క అంకే నొక్కాడు. వినే మీట నొక్కగానే ఎవరో ఇద్దరు ఆపరేటర్లు నీళ్ళ సంగతి వదిలేసి పెళ్ళిభోజనం గురించి మాట్లాడుకోవడం వినబడింది. ఈ జన్మలో నేను విన్న అతి చక్కటి సంభాషణ అదే. మామా రాయిని కళ్ళకద్దుకున్నాడు. సెట్టు మూసుకున్నాక ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

మూడయ్యేసరికి గది దగ్గర నలుగురం ఉన్నాం. పెదనాయన గడప దగ్గర గొంతుక్కూర్చున్నాడు, పొద్దుటి గొంతు ఇప్పుడు లేదు. అక్క కిటికీ బయట నిలబడింది, కాళ్ళకు ఇంకా మట్టి.

పిలుపు పైనుంచి దిగుతూ దిగుతూ మా దగ్గరికి వచ్చింది. సెట్టు కూసింది.

“పదకొండు, సవరణ ఏమన్నా ఉందా? ఓవర్.”

మామా పొద్దున్నుంచీ తయారుచేసుకున్న మాట అప్పజెప్పాడు. సెట్టు చెడిపోయిందనీ, ఇప్పుడే బాగయిందనీ, మా ఇండెంటు ఇదనీ.

“ఇప్పుడు ఇస్తే ఎట్లా? పొద్దున నీది నిల్. ఒకటో స్టేషను ఈసారి ఎప్పుడూ లేనంత అడిగింది. ఉన్నది అటు సర్దేశాం. మిగల్లేదు. ఓవర్.”

మామా మాట్లాడే మీట మీద బొటనవేలు పెట్టి నొక్కకుండా ఉండిపోయాడు. ఇంతవరకూ చెప్పింది అబద్ధం. ఇంక చెప్పాల్సింది నిజం. అది నోరు దాటితే నీళ్ళన్నా రావాలి, ఉద్యోగమన్నా పోవాలి. ఆయన కిటికీవైపు చూశాడు. అక్క ఆయన్ని ఏమీ అడగలేదు. ఒక్క మాట అడిగినా ఆయన చెప్పేవాడు కాదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మీట నొక్కాడు. “సార్, ఆ ఒకటో స్టేషను ఇండెంటు వాళ్ళది కాదు సార్. నేనే అడిగింది. పొద్దున నా సెట్టుకు ఒకటో నంబరు ఎక్కింది. తప్పు నాదే సార్. ఆ నీళ్ళు మావి. ఓవర్.”

తర్వాత కంట్రోలు, “ఏందయ్యా నువ్వనేది? స్టేషన్ ఒకటి, లైన్లోకి రా. పొద్దున ఇండెంటు చెప్పింది నువ్వేనా? ఓవర్” అంది.

నేను లోపల లెక్కేసుకున్నాను. ఒకటో నంబరువాడు పొద్దున పలకలేదు. పలికుంటే మామా మాట మీద పడి గోల అయ్యేది. తలకాలువ వాళ్ళు అడిగి తెచ్చుకోవాల్సిన అగత్యం ఎన్నడూ లేదు, నీళ్ళు వాళ్ళ గుమ్మం ముందు నుంచే నడుస్తాయి. కాబట్టి వాడు ఏ టీకొట్టులోనో కూర్చుని ఉంటాడు. నేను కాదు సార్ అని వాడు ఒక్క ముక్క అంటే చాలు. వాడిదేం పోదు. మామూలు వాటా ఎట్లాగూ ఉంటుంది.

ఒకటో నంబరు గొంతు వచ్చింది. నిమ్మళంగా, పాన్ నమిలే గొంతు.

“ఔన్సార్. మేమడిగిందే. ఓవర్.”

అంతే. ఆ మూడు ముక్కలు. పొద్దున తన సెట్టు కూసినప్పుడు వాడు పక్కనే ఉన్నాడు. ఎవడో తన పేరు మీద ధారాళంగా అడుగుతుంటే చెవిన వేసుకుని, నోరు మూసుకుని కూర్చున్నాడు.

“విన్నావుగా పదకొండు,” అంది కంట్రోలు. “నీ నంబరు సంగతి ఆఫీసుకొచ్చి చెప్పుకో. ఓవర్ అండ్ అవుట్.”

పెదనాయన లేచి కండువా దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఏం చెప్పాడో తెలియదుగానీ, సాయంత్రానికి తప్పంతా సాయిబుదయింది. కొబ్బరికాయ సంగతి ఎవరికీ గుర్తులేదు. నేను గుర్తుచేస్తే, “నీదంతా నవ్వులాటేలేరా” అన్నారు. నవ్వించేవాడు సాక్ష్యానికి పనికిరాడని ఆ రోజు తెలిసింది.

మామాకు మెమో వచ్చింది. తర్వాత నూజెండ్ల వైపు ఒక గోడౌన్లో వేశారు. తుప్పు షట్టర్లు, సిమెంటు గోతాలు, పలకరించడానికి సెట్టు కూడా లేని చోటు. పెట్టె సైకిలు మీద కట్టి నేనే బస్సు దాకా దింపాను. ఊళ్ళోంచి ఎవరూ రాలేదు. మా అక్క మాత్రం మజ్జిగ చెంబు పంపింది. ఆయన ఎక్కుతూ, “సెట్టుకైతే ఏం కాలేదురా. బాగానే తిరిగొచ్చింది” అన్నాడు. ఎటు చూసి అన్నాడో, నా వైపు మాత్రం కాదు.

ఆ ఒకటో నంబరువాణ్ణి చాలా కాలానికి నరసరావుపేట ఆఫీసు వరండాలో చూశాను. తెల్లచొక్కా, పాన్ పెదవులు. టీ ఇప్పిస్తానన్నాడు. తాగుతూ ఆ రోజు ఇండెంటు గురించి అడిగాను. నుదురు చిట్లించి నిజంగానే గుర్తు తెచ్చుకోబోయాడు. “ఏ ఇండెంటు? మేం చానా అడుగుతుంటాం గదయ్యా” అన్నాడు. అబద్ధమాడటం లేదు. మరిచిపోయాడు. నేను టీ మొత్తం తాగాను. ఆ టీ బాగుందన్న సంగతి కూడా నాకు గుర్తుంది. అదీ నా ఖర్మ.

ఆ వంతు నీళ్ళు తలకాలువ కింద ఎక్కువై వాగులోకి వదిలారని తర్వాత విన్నాం. మా మేజరులో అడుగున పగుళ్ళు. అక్క చేలో కాయ ఎర్రబడకముందే తెల్లబడింది. కళ్ళంలో పోసింది తక్కువ, అందులో ఏరి అవతల పారేసిన తాలుకాయ ఎక్కువ. ఒకరోజు నేను పోయేసరికి ఏరడం కూడా ఆపేసి, దూడ ముందు కూర్చుని నల్లతాడుకు ముడివేస్తోంది. మామా వెళ్తూ రాయి నాకిచ్చి వెళ్ళాడు. నేను అది ఆవిడ ఇంట్లోనే పడేసి పోయాను.

“మళ్ళీ ఎందుకే అది?” అన్నాను.

“నీళ్ళు తేలేకపోయినా దిష్టన్నా తగలకుండా చూస్తదిలే.”

“దిష్టి తగలడానికి ఇంకేం మిగిలిందే నీకు?”

“దూడ మిగిలిందిగా,” అంది అక్క. ముడి గట్టిగా లాగి బిగించి, లేచి, తట్ట చంకనేసుకుని కళ్ళంలోకి పోయింది.